చెరుకు పూసిన ఏడాది

అధ్యక్షులు, మా ప్రధానోపాధ్యాయులు నాగేందర్ గారికి, నా కవితల పుస్తకం ఆవిష్కరించడానికి నిజామాబాద్ నుంచి వచ్చిన సుమలత గారికి, ఎడపల్లి పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, ఇన్నేళ్లు నా తెలుగు పాఠాలు భరించిన పిల్లలకు ఈ భూమేష్ సారు దండాలు. సుమలత గారూ, ఆ పుస్తకాల కట్ట రిబ్బన్ ఇప్పుడే విప్పకండి. నా మాటలు విన్నాక కూడా విప్పాలనిపిస్తే అప్పుడు విప్పండి. (నవ్వులు)

నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను.

నేను టౌన్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. ఈ బడికి వచ్చిన మొదటి చలికాలం, బస్సు కిటికీలోంచి చెరుకు చేల మీద తెల్లటి పూత చూసి, పొంగిపోయి పాట కట్టి, పిల్లలకు నేర్పించి వార్షికోత్సవంలో పాడించాను. కోతకు లారీలు రాక చెరుకు చేలోనే నిలిచిపోయిన ఏడాది అది. ఆ సంగతి నాకు తెలియదు. తల్లిదండ్రుల వరుసల్లో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. నర్సన్నా, మీరైతే తల వంచుకుని కూర్చున్నారు, ఇవాళ కూర్చున్న చోటే.

మర్నాడు మధ్యాహ్నం, మన బడిలో వంట చేసే రేణుకమ్మ నా పళ్లెం ముందు గరిటె ఆపింది. ఆమెకూ రెండెకరాల చెరుకుంది.

"చెరుకు పూసిందని సంబురమా సారూ? పూసిందంటే పంట పోయినట్టే. పైకి పువ్వు, లోపల బెండు. గా పువ్వును సూసి మేం ఏడుస్తుంటే, మీరు పిల్లలతోని పాడిపిస్తరా?"

సాయంత్రం చేనుకు తీసుకెళ్లి, పూసిన గడ నరికి కొడవలితో చీల్చి చూపించింది. నడుమంతా దూదిలా ఎండిపోయి ఉంది. నమిలితే తీపి లేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ వారమే కవిత రాశాను, బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతగా మీరే అన్నారు సుమలత గారూ, "భూమేష్ గారికి ఇన్నాళ్లకు సొంత గొంతు దొరికింది" అని. అలా అని మీరు చదివి వినిపించిన పాదం ఏది? "పైకి పువ్వు, లోపల బెండు." నేను శాలువా కప్పించుకుని నోరు మూసుకుని నిలబడ్డాను. ఎనిమిదేళ్లయింది.

ఆ తర్వాత ఏ చేను గురించి రాసినా దిగి, తాకి, చీల్చి చూశాకే రాశాను. పసుపు తవ్వేవాళ్ల పక్కన కూర్చుని నా గోళ్లు పచ్చబడ్డాక రాశాను. అంతవరకు నాదే. కానీ పుస్తకంలో మొదటి కవిత ఆమెది. అందుకే నిన్న ఆ కట్టలోని ప్రతి పుస్తకంలో దాని కింద రేణుకమ్మ అని చేత్తో రాశాను. ఆమెకు ఇంకా చెప్పలేదు, ముఖం చెల్లలేదు. రేణుకమ్మక్కా, తప్పయింది.

(వెనక వరుసలోంచి రేణుకమ్మ: "నాకెర్కే సారూ. మా బిడ్డ శిరీష గప్పుడే మీ కవిత సదివి ఇనిపిచ్చింది. మీరెప్పుడు చెప్తరా అని సూస్తున్న.")



తెలిసే రోజూ నాకు అన్నం పెట్టావా అక్కా?

రాసుకొచ్చిన కాగితాలు ఇంకా ఉన్నాయి, చదవలేను. నాగేందర్ గారికి, మీకందరికీ కృతజ్ఞతలు. సుమలత గారూ, ఆ కట్ట ఆమె చేతికివ్వండి. ఇక్కడే విప్పుతుందో, విప్పకుండా ఇంటికి పట్టుకుపోతుందో ఆమె ఇష్టం. నాకిక సెలవు.