వందాకుల కట్ట

ఛాయ్ లేకపోయినా గడుస్తుంది గానీ వినేవాళ్లు లేకపోతే రూప్‌సింగ్‌కు పొద్దు గడవదు. బూర్గంపాడు క్రాస్ రోడ్డులో పద్మావతమ్మ హోటల్ ముందు బెంచీ మీద ఆయన కూర్చున్నాడంటే ఆ పూట గోదావరి వెనక్కి పారినా పారుతుంది. నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు కూడా ఇంకో ఛాయ్ చెప్పి కూర్చుంటారు. కోతలైతేనేం, వినసొంపుగా కోస్తాడు కదా అని అందరికీ ఆయనంటే ఇష్టమే.

కానీ ఆ రోజు మనిషి కూర్చున్నట్టు లేడు. లేస్తాడు, రోడ్డు మీదికి తొంగి చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. ఒళ్లో ఒక పెద్ద నైలాన్ సంచి ఉంది. దాన్ని కింద పెట్టడు, పక్కన పెట్టడు. ఖమ్మం బస్సు వచ్చి ఆగితే గబుక్కున లేచాడు. తీరా మెట్టు దాకా పోయి, "రష్‌గున్నది, ఎనక దాంట్ల పోత" అని తిరిగొచ్చాడు. బస్సులో సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి.

సంచిలో ఉన్నది వీడియో గేమ్ డబ్బా, రెండు జాయ్‌స్టిక్‌లు. అయిదేళ్ల కింద కొన్నది. నిన్న ఖమ్మంలో ఒక షాపాయన ఫోన్‌లో చెప్పాడు, కొత్త డబ్బాల రేట్లు ఆకాశాన్నంటాయి కాబట్టి పాతవాటికి గిరాకీ వచ్చిందని, కొన్నదానికంటే నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తానని, రేపే పట్టుకురమ్మని. రూప్‌సింగ్ సరేనన్నాడు. భార్య ద్వాలికి మాత్రం చెప్పలేదు. ఆమె తెల్లవారకముందే బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవికి పోయింది. ఎండ ఎక్కేసరికి, అంటే పదకొండుకల్లా, ఆకుల మూటతో ఇంటికొస్తుంది. ఆలోపు డబ్బా ఊరు దాటాలి. అడిగితే ఖరాబైందని చెప్పొచ్చనుకున్నాడు. ఆ మాటను నోట్లోనే రెండుమూడుసార్లు తిప్పి చూసుకున్నాడు.

"ఏందన్నా సంచిల?" అన్నాడు ఆటో భాస్కర్, ప్యాసింజర్లు దొరక్క బెంచీ చివర కూర్చుని.

"గేమ్ డబ్బా. రిపేరుకు."

"జాగ్రత్తన్నా, ఇప్పుడది బంగారం. మా బామ్మర్ది కొత్తది కొందామని కొత్తగూడెం పోయి రేటు చూసి ఉత్త చేతులతోని వచ్చిండు. డబ్బా రేటు పెరిగిందంట, ఒక్కో గేమ్ అయిదువేలంట, నెట్‌ల ఆడనీకి నెల నెలా కట్టే కిరాయి వేరే అంట. లోపల మెమరీ అని ఒకటుంటదంట, అది దునియాలనే దొరుకుతలేదంట."

రూప్‌సింగ్ కాలు ఊపడం ఆగింది. ఇంతసేపటికి ఆయనకు పట్టుకోవడానికి ఒక కొస దొరికింది.

"ఎందుకు పెరిగినయో ఎరికేనా నీకు?"

"ఎందుకు?"

"నా వల్ల."

తునికాకు కల్లం దగ్గర కట్టలు లెక్కబెట్టే బాబూరావు అటు పక్క బెంచీ మీద పేపరు చదువుతున్నాడు. పేపరు కొంచెం కిందికి దించాడు. పద్మావతమ్మ మరుగుతున్న పాల మీద నుంచి కళ్లెత్తింది.

"నవ్వకుండ్రి. మొదటి నుంచి చెప్త. డబ్బా కొన్న ఏడాది వానకాలం అది, కొత్తగూడెం నుంచి ఒక పిలగాడు తండాకు వచ్చిండు, వాళ్ల కాలేజీల కొట్లాట గేమ్‌ల వాడే ఫస్టంట, ముసలోడా నువ్వేం ఆడుతవ్ అన్నట్టు చూసిండు, సరే బిడ్డా కూసో అన్న, రెండు నిమిషాలు, రెండంటే రెండే, వాని బొమ్మ కింద పడ్డది. నా బొమ్మకు ఒక్క దెబ్బ తగల్లేదు. ఇది మామూలు ముచ్చటే, గొప్ప ఏం లేదు."

"అవ్, గొప్ప ఏం లేదు," అన్నాడు భాస్కర్.

"ఎట్ల గెలిచినవ్ అని అడగవేందిరా? గీ వేళ్లు చూడు." రెండు బొటనవేళ్లూ పైకెత్తి చూపించాడు. "చిన్నప్పటి సంది తునికాకు కట్టలు కట్టిన వేళ్లు. ఆకు మీద ఆకు, ఆకు మీద ఆకు, నార తిప్పుడు, బిగించుడు. గా జాయ్‌స్టిక్ ఎంత, దాని బటన్లెంత? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నెట్‌ల ఆడుడు మొదలువెట్టిన. మా తండాల సిగ్నల్ ఎట్లుంటదో నీకెరికే, ఒక్క గీత, అదీ గాలొస్తే పోతది. అయినా హైదరాబాదోణ్ణి కొట్టిన. బెంగళూరోణ్ణి కొట్టిన. వాళ్లు కంపెనీకి కంప్లైంట్ పెట్టిండ్రు, గీయన బటన్ నొక్కకముందే మా బొమ్మలు పడిపోతున్నయని. ఎందుకంటవ్? నా వేలు ముందు పోతది, సిగ్నల్ దాని ఎనక ఉరుకుతది."

భాస్కర్ పడీపడీ నవ్వాడు. రోడ్డు మీద హారన్ వినిపించింది. రూప్‌సింగ్ ఉలిక్కిపడి సంచి పట్టుకున్నాడు. బస్సు కాదు, ఇసుక లారీ. హోటల్ గోడ మీద గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. ద్వాలి ఈపాటికి రెండో చెట్ల గుంపు దగ్గర ఉంటుంది. ఆయన గొంతు సవరించుకుని ఇంకాస్త గట్టిగా అందుకున్నాడు.

"ఇగ జపాన్‌ల ఒకడున్నడు. పుట్టిన కాడి నుంచి గేమే ఆడుతుండు, వేరే పని లేదు. వాడూ నేనూ పొద్దున మొదలువెడితే పొద్దుగూకింది. జాయ్‌స్టిక్ కాలిపోతున్నది, తడి గోనెసంచిల చుట్టి ఆడుతున్న, దాని మీద జొన్నరొట్టె పెడితే రెండు దిక్కులా కాల్తది, అబద్ధమైతే అడుగుండ్రి. ఆఖరుకు వాడు పడ్డడు. చెవుల పెట్టుకునే దాంట్ల వాని ఏడుపు వినబడ్డది. వాని భాషల వాడు ఏడ్చిండు, నా భాషల నేను ఊకో బిడ్డా అన్న. ఊకున్నడు."

"రేట్లెందుకు పెరిగినయో చెప్పు తమ్మీ," అంది పద్మావతమ్మ, గ్లాసులు కడుగుతూ.

"ఆడికే వస్తున్నక్కా. గెలిచిన ప్రతిసారి కంపెనీ వాళ్లు స్కోరు రాసుకోవాలె కదా? ఎంతని రాస్తరు? ఉన్న మెమరీ అంత నా స్కోరుకే సరిపోయింది. పక్క దేశం కంపెనీని అడిగి తెచ్చిండ్రు, అదీ నిండింది. ఫోన్లలకు పోయే మెమరీ ఆపిండ్రు, కంప్యూటర్లలకు పోయేది ఆపిండ్రు. ఇయ్యాల మెమరీ దొరుకుతలేదని భాస్కర్ అంటుండు కదా, అదంత ఏడికి పోయిందనుకున్నరు? అంత నా పేరు మీదనే ఉన్నది."

ఈసారి నిజంగానే ఖమ్మం బస్సు వచ్చింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి కేకేశాడు. రూప్‌సింగ్ సగం లేచాడు. మోకాళ్లు చాలాసేపు అలాగే వంచి నిలబడి, "ముచ్చట మధ్యల వదిలి పోతే బాగుండదు," అన్నాడు, ఎవరూ అడగకపోయినా. బస్సు వెళ్లిపోయింది. పోయినందుకు ప్రాణం తేలికపడింది, తేలికపడినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆ కోపంలో కథ ఒక్క గంతు వేసింది.

"ఇగ లాభం లేదని కంపెనీ వాళ్లే వచ్చిండ్రు. హెలికాప్టర్‌ల. ఏడ దిగిండ్రో తెలుసా? మన తునికాకు కల్లంల!"

"నా కల్లంలనా?" బాబూరావు పేపరు మడిచాడు. "మరి నేనేడున్న?"

"నీకు ఆ పొద్దు జ్వరమొచ్చి పండుకున్నవ్ బాబూరావన్నా. నీకెవ్వలు చెప్పలేదు, బాధపడతవని. ఎండవెట్టిన ఆకంత గాలికి లేసింది, లేసి గోదారి దాటింది, ఛత్తీస్‌గఢ్‌ల పోయి పడ్డది. ఆడి జనం మూడు రోజులు అడవికి పోలేదు, ఇంటి ముంగటనే ఏరుకున్నరు. నలుగురు దిగిండ్రు, టైలు కట్టుకొని. టేపు తీసి నా బొటనవేళ్లు కొలిచిండ్రు, అడ్డం కొలిచిండ్రు, నిలువు కొలిచిండ్రు, ఫొటో తీసిండ్రు. అయ్యా, ఇగ ఆడుడు బంద్ చెయ్యి, నువ్వు ఆడితే మాకు దివాలా అన్నరు. నేను చెయ్య అన్న. బంగ్లా కట్టిస్తమన్నరు. వద్దన్న. అప్పుడు అందులో పెద్దాయన నన్ను పక్కకు తీసుకపోయి, అయితే ఒక్కటే దారి రూప్‌సింగ్ గారూ, నువ్వు కొనలేనంత దాకా రేటు పెంచుతం అన్నడు. పెంచుకో పో అన్న. పెంచిండ్రు. నా ఒక్కని కోసం దునియాకంత పెంచిండ్రు. భాస్కరూ, మీ బామ్మర్దికి చెప్పు, తప్పు నాదేనని, మాఫీ చెయ్యమన్న అని."

భాస్కర్ లేచి నమస్కారం పెట్టాడు. పద్మావతమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులకు రూప్‌సింగ్ ఒంట్లోకి రక్తం వచ్చినట్టయింది. సంచి సంగతి, పదకొండు గంటల సంగతి ఒక్క క్షణం మర్చిపోయాడు. అక్కడితో ఆపేసి ఉంటే సరిపోయేది.

"పోయే ముందు ఒక్క కోరిక అన్నరు. గీ వేళ్ల మహిమ ఏందో ఒక్కసారి కండ్లార చూపించమన్నరు. సరే అని కల్లంల కూసున్న, కండ్లకు తువ్వాల కట్టించుకున్న, ఆకుల కుప్ప ముంగట పెట్టుమన్న. చూస్తుండంగనే, ఒక్కొక్క కట్టకు వందాకులు, ఎక్కువ లేదు తక్కువ లేదు, టకాటకా నలభై కట్టలు కట్టి పక్కన..."

"ఆగు," అన్నాడు బాబూరావు.

ఆయన ఛాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. ముఖంలో నవ్వు లేదు.

"కట్టకు ఎన్నాకులు?"

"వంద."

"ఇంకోసారి చెప్పు."

రూప్‌సింగ్ ఒళ్లోని సంచి సర్దుకున్నాడు. భాస్కర్ నవ్వు కూడా ఆగిపోయింది. అడవి అంచున పుట్టిన చంటిపిల్లను నిద్రలేపి అడిగినా కట్టకు యాభై అని చెబుతుంది.

"హెలికాప్టర్ దిగిందన్నవ్, దిగిందనుకున్న," అన్నాడు బాబూరావు. "నాకు జ్వరమన్నవ్, వచ్చిందేమో అనుకున్న. జపానోడు ఏడ్చిండన్నవ్, పాపమనుకున్న. కానీ కట్టకు వందాకులేందయ్యా? ఇరవయ్యేళ్ల సంది నీ పేరు మీద కట్టలు వస్తున్నయి నా కల్లానికి. లెక్కబెట్టేది నేను. ఒక్క కట్టల నలభై తొమ్మిది ఉండదు, యాభై ఒకటి ఉండదు. నువ్వు జన్మల ఒక్క కట్ట కట్టినా ఆ మాట నీ నోట్లకెళ్లి రాదు. అవి ఎవరి వేళ్లు రూప్‌సింగూ?"

రూప్‌సింగ్ తన బొటనవేళ్లు చూసుకున్నాడు. తర్వాత వాటిని పిడికిళ్లలో దాచుకున్నాడు.

"ద్వాలివి," అంది పద్మావతమ్మ. "కొత్తగూడెం పిలగాణ్ణి కొట్టింది కూడా ద్వాలే. కల్లం నుంచి పోయేటప్పుడు ఈడ ఛాయ్ తాగుతది కదా, అన్నీ చెప్తది నాకు. ఇగ గా సంచిల ఉన్నది రిపేరుకు కాదని కూడా నాకు తెల్సు. రిపేరుకు పోయేటోడు రెండు బస్సులు వదలడు."

"రేట్లు పెరిగినయక్కా." ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "నెల కిరాయి పెంచిండ్రు. ఒక జాయ్‌స్టిక్ పుల్ల వదులైంది, కొత్తది కొనాలంటే ఆరువేలు. మనలాంటోళ్లం ఏడ పెడతం? ఇప్పుడైతే దానికి మంచి ధర వస్తున్నది."

"రేట్లు పెరిగింది నిజమే. ఆ వదులైన జాయ్‌స్టిక్ ఎవరు పట్టుకుంటరు?"

"ఆమెనే. మంచిది నాకిచ్చింది."

"అయినా ఎవరు గెలుస్తుండ్రు?"

అయిదేళ్లు. రోజూ పొద్దుగూకినాక ఒక గంట. ఒక్క ఆట, ఒక్కటంటే ఒక్కటి, ఆయన గెలవలేదు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత సిగ్గేసింది. ఈ మధ్య డబ్బా పెడుతుంటేనే లేచి బయటికి పోదామనిపిస్తోంది. ధరలు పెరిగాయన్న కబురు వినగానే ఆయనకు బాధ కలగలేదు, ఒక సాకు దొరికినట్టయింది. ఆ సంగతి ఇప్పుడు నలుగురి ముందు ఒప్పుకోవలసి వచ్చింది, నోటితో కాకపోయినా తల వంచి.

పద్మావతమ్మ కొంచెం మెత్తబడింది. "మొన్న ఏమన్నదో తెలుసా? ఒక్కసారన్న ఆయనకు ఓడిపోదామని చూస్తనక్కా, ఈ వేళ్లు ఆగవు అన్నది. పొద్దంత అడవిల వంగి వంగి నడుం పోతది, ఆ గంటసేపే నేను నిటారుగా కూసునేది అన్నది. చెప్పేటప్పుడు ఆమె మొఖం నువ్వు చూడలేదు తమ్మీ. నేను చూసిన."

మూడో బస్సు వచ్చి ఆగింది. "ఖమ్మం, ఖమ్మం, జల్దీ ఎక్కాలె," అని కండక్టరు తలుపు మీద కొట్టాడు. భాస్కర్ రూప్‌సింగ్ వైపు చూడకుండా రోడ్డు వైపు చూశాడు. రూప్‌సింగ్ లేచి, సంచి భుజాన వేసుకుని, బస్సు ముందు నుంచి రోడ్డు దాటి, తండాకు పోయే బాట ఎక్కాడు. గడియారం పదింబావు చూపిస్తోంది. గట్టిగా నడిస్తే ద్వాలి వచ్చేలోపు డబ్బాను టీవీ కింద మళ్లీ ఎప్పటిలా పెట్టేయొచ్చు. ఆమెకు తెలియకుండా తీసినదాన్ని తెలియకుండా పెట్టడం మంచిదో, చెప్పి పెట్టడం మంచిదో ఆయనకింకా తేలలేదు. కాళ్లు మాత్రం ఆగలేదు.

నాలుగడుగులు పోయి, ఉండబట్టలేక వెనక్కి తిరిగి అరిచాడు.

"ఇయ్యాల చూడుండ్రి! వదులైంది నేను పట్టుకొని, మంచిది ఆమెకిచ్చి, అయినా గెలుస్త! రేపు పొద్దున వచ్చి మొత్తం ముచ్చట చెప్త!"

బాబూరావు పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"చెప్పు, వింటం. గెలిచినా ఓడినా కట్టకు యాభయ్యే."