నల్లమట్టి పొరలో జనం

1991 ఆగస్టు 19వ తేదీన శాలిబండలోని మా పురావస్తు మృత్తికా పరిశోధనశాలలో సహాయ శాస్త్రవేత్తగా చేరిన శ్రీమతి ఖైసర్ బేగం గారు ఈ నెలాఖరున ముఖ్య శాస్త్రవేత్తగా పదవీ విరమణ చేస్తున్న శుభ సందర్భంలో, సహోద్యోగిగా ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. రాయాలనుకున్నవి వేరు, మొన్న జరిగినదానితో అన్నీ తలకిందులయ్యాయి. ఆ దిగ్భ్రాంతి నుంచి నేనింకా తేరుకోలేదు.

మట్టిని చెదరకుండా దిమ్మగా కోసి, జిగురుతో గట్టిపరచి, పల్చని పలకగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చదివే విద్యను మాకు నేర్పినవారు వారే. అతిథులొస్తున్నారని కూలీలు తవ్వకపు గుంత ఊడ్వబోతే, పొరల జాడ చెరిగిపోతుందని "ఝాడూ కింద పెట్టు!" అని వారు వేసే కేకకు అతిథులు సైతం ఆగిపోయేవారు.

1998లో, తొలి మధ్యయుగపు నదీతీర పట్టణమొకదానిలో మందమైన నల్లమట్టి పొరను పరీక్షించి, అందులో ఇళ్ల నేలల జాడ లేనందున ఆ పట్టణం రెండు శతాబ్దాలు నిర్జనంగా పడి ఉందని వారు నిర్ధారించారు. పురస్కారం, పదోన్నతి, కీర్తి సమస్తం ఆ నిర్ధారణతోనే లభించాయి.

గత వేసవిలో పురానాపూల్ దగ్గర, వారు పెరిగిన మట్టి ఇంటి స్థలంలో తమ్ముడు దస్తగీర్ గారు పునాది తవ్వించారు. కప్పు కూలి, ఏళ్ల తరబడి పిచ్చిమొక్కలు మొలిచిన చోటది. గుంత కనిపిస్తే మేడమ్ ఊరుకుంటారా? పెళ్లికి వెళ్తూ కూడా సంచిలో మట్టి దిమ్మ కోసే రేకు డబ్బా పెట్టుకునే మనిషాయె! ఒక దిమ్మ కోసుకొచ్చారు. మొన్న దాని పలకను చూసి, నన్ను పిలిచారు.

"వేణుగోపాల్, గిది చూడు. నేల కనవడ్తున్నదా?"

"లేదు మేడమ్. ఉత్త నల్లమట్టి. ఎవ్వరు ఉండని జాగ."

"మా అమ్మీ రోజూ అలికిన నేల గది! మేమందరం ఆడనే పండుకునేటోళ్లం. వానపాములు, వేర్లు మొత్తం కలిపేసినయ్. మేమే లేమంటున్నది ఈ మట్టి!"

 మేడమ్ దాని పక్కన 1998 నాటి పలక పెట్టారు. రెండింటిలోనూ అవే బూడిద రేణువులు, అలికిన నేలలోని అదే పేడ పీచు. అప్పట్లో అవి వరదకు కొట్టుకొచ్చాయని రాశారు. అంటే ఆ రెండు శతాబ్దాలూ ఆ పట్టణంలో జనం గుడిసెలు వేసుకుని బతుకుతూనే ఉన్నారు.

పాత నిర్ధారణ తప్పని రాస్తానని మేడమ్ అంటే, సంచాలకులు నందకిశోర్ గారు బతిమాలారు: "ఫంక్షన్ కానీయండి మేడమ్. గిప్పుడీ లొల్లి ఎందుకు?"

"నెలాఖరైతే నేను బయటి మనిషిని సార్. ఊర్ల జనం లేరని రాసింది నేను. ఉన్నరని గూడ నేనే రాయాలె."

ఆ సాయంత్రమే తమ నిర్ధారణను ఉపసంహరించుకుంటూ ప్రకటన పంపారు.  విరమణానంతరం వారికి దక్కవలసిన గౌరవ సలహాదారు పదవి మర్నాటికే నిలిచిపోయింది. నాకు కోపంగా ఉంది, అంతకు మించి గర్వంగా ఉంది. వారు మాత్రం ఆ రోజు పరిశోధనశాలలో అందరికీ ఇరానీ చాయ్ తెప్పించారు.

ఎవరో పేరు కూడా తెలియని ఆ జనానికి పోగొట్టిన రెండు వందల ఏళ్లనూ తిరిగి ఇచ్చేసి వెళ్తున్న మా ఖైసర్ బేగం గారికి, భర్త తౌఫీఖ్ గారితో, కుమార్తె అలీనాతో ఆయురారోగ్యాలతో గడిపే నిండు నూరేళ్లను ఆ దేవుడు ప్రసాదించాలని మనసారా వేడుకుంటున్నాను.