నూనె కారిన ఇంజనూ, మేస్త్రిగారి ఆఖరి నివేదికా

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది, జూన్ ఆరో తేదీ సోమవారం ఉదయం మన అగ్నిమాపక శాఖ వర్క్‌షాపులో సహాయ ఫిట్టరుగా చేరిన వ్యక్తి, ముప్పై ఏడేళ్ల సేవానంతరం ప్రధాన మేస్త్రిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన రోజున ఆయన చేతికి ఇచ్చింది చీపురు. ఆ సంగతి దాచుకోరు. అడిగినవారికి ఆయనే చెబుతారు.

మొదటి పదేళ్లు నీటి పంపులు, తరువాతి పన్నెండేళ్లు పెద్ద బండ్ల ఇంజన్లు, ఆపైన షెడ్డంతా ఆయన చేతి కింద నడిచింది. సెలవులు తక్కువ, మాటలు ఇంకా తక్కువ, కోపం మాత్రం ఎక్కువ. ఆయన దగ్గర పని నేర్చినవాళ్లు ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటారు గాని, నేర్చుకునే రోజుల్లో తిట్టుకోనివాడు లేడు. విరమణ వేళ నాలుగు అబద్ధాలు రాయడం లోకరీతి. ఈ వ్యాసానికి ఆ అవసరం రాలేదు.

షెడ్డులో ఆయనకు పౌడరు మేస్త్రి అని పేరు. ఇంజను నూనె కారుతోందంటే అందరూ తడిగా ఉన్నచోటే చూస్తారు. ఆయన ఇంజనును కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, పసిపిల్లకు రాసినట్టు ఒళ్లంతా పౌడరు అద్ది, బండిని ఒక చుట్టు తిప్పి తెచ్చి, ఆ పౌడరు మొదట ఎక్కడ తడిసిందో వెతుకుతారు. నూనె చుక్క కింద కనబడుతుంది, దాని పుట్టుక పైన ఉంటుంది అంటారు. ఎన్నడూ తప్పని ఆ పద్ధతి మూడు నెలల కిందట తప్పింది.

శాఖ మొట్టమొదటి మోటారు సైకిలును అందరూ ఎరుగుదురు. డెబ్భై ఏళ్ల కిందట మంటలార్పే బండికి ముందు గంట కొట్టుకుంటూ దారి చేసిన ఒంటి సిలిండరు బండి. చాలా ఏళ్లుగా కార్యాలయం వరండాలో బొమ్మలా నిలబడి ఉంది. వార్షికోత్సవానికి దాన్ని నడిపించాలన్నారు. పొట్టి ఫిట్టరని మనం పిలిచే సీనియర్ ఫిట్టరు ఇంజనును పూర్తిగా విప్పి బిగించాడు. ఉత్సవం రోజున బండి బాగానే కదిలింది. పదిహేను నిమిషాలకు నాలుగు వైపులా నూనె చిమ్మి, పక్కన నిలబడ్డ అధికారిగారి తెల్ల ప్యాంటు పాడుచేసింది.

మర్నాడే ఫిట్టరుకు సంజాయిషీ నోటీసు వచ్చింది. నిర్లక్ష్యంగా బిగించాడని ఆరోపణ. మేస్త్రిగారి తరువాత ఆ కుర్చీ అతనికి రావాలి. లోపం ఎవరిదో విచారించి, విరమణకు ముందే నివేదిక ఇమ్మని మేస్త్రిగారికి ఆదేశం. అతనిదని రాస్తే కుర్చీ పోయినట్టే.

"నీ బిగింపు లోపమేనోయ్," అన్నారు మేస్త్రిగారు, ఇంకా బండి దగ్గరికి రాకముందే.

"చూసి చెప్పండి గురువుగారూ. చూడకుండా చెప్పడం మీరు మాకు నేర్పలేదు," అన్నాడు ఫిట్టరు.

ఆయన మొహం కందగడ్డయింది. అప్పుడే బండి కడిగించి పౌడరు అద్దారు. తిప్పి తెస్తే సిలిండరు అడుగున తడి. అక్కడ అతుకు మధ్య నూనె ఆపే గాస్కెట్ మార్చారు. మర్నాడు అక్కడ పొడి, ఇంజను రెండు సగాలూ కలిసే అతుకు దగ్గర తడి. అది సరిచేస్తే పైమూత దగ్గర తడి. నాలుగోసారి అన్నిచోట్లా ఒకేసారి తడిసింది.

"పౌడరు రాయడం అయిందిగా మేస్త్రిగారూ, ఇక అద్దం కూడా చూపించండి," అన్నాడు పెయింటరు. కొందరు నవ్వారు. మేస్త్రిగారు నవ్వలేదు, తిట్టనూ లేదు. తిట్టకపోవడం చూసి నవ్వినవాళ్లకు భయం వేసింది.

ఆయనకు తలా తోకా అందలేదు. బిగింపు లోపమైతే ఒక్కచోట కారాలి. ఇన్ని అతుకులు ఒక్కసారే ఎలా చెడతాయి? ఫిట్టరు బిగించిన ప్రతి బోల్టునూ స్వయంగా పట్టి చూశారు. ఒక్కటీ వదులు లేదు. మరి నూనె ఎందుకు వస్తోంది? నివేదిక కాగితం మీద తేదీ వేసి, దాని కింద ఏమీ రాయలేక ఇంటికి పట్టుకుపోయేవారు.

"కంచం ముందు ఆ కాగితం ఏమిటండీ?" అన్నారు సతీమణి.

"నాకు చూపు తగ్గిందేమోనే."

"చూపుకేం, బాగానే ఉంది. తప్పు అతనిదేనని ముందే అనేసి వచ్చారు. ఇప్పుడు బండి ఒప్పుకోవడం లేదు."

ఆ మాట ఆయనకు అప్పుడు నచ్చలేదు. అలా అనే మనిషి ఇంట్లో ఉండటం ఎంత అదృష్టమో ఉన్నప్పుడు ఎవరికీ తెలియదు. ఇది రాస్తున్నవాడికీ పోయాకే తెలిసింది.

ఏడోసారి ఆయన ఒక పొరపాటు చేశారు. నూనె పోసి, మూత పెట్టడం మరిచి, బండి తిప్పి తెచ్చారు. మూత మరిచినవాణ్ని పూటంతా షెడ్డు బయట నిలబెట్టిన మేస్త్రి ఆయన. అందరూ మూత లేని రంధ్రాన్నే చూస్తున్నారు. ఆయన మాత్రం పౌడరునే చూస్తున్నారు. పోసే రంధ్రం చుట్టూ నాలుగు చుక్కలు తప్ప ఇంజనంతా పొడిగా ఉంది.

"మూత, గురువుగారూ," అన్నాడు ఫిట్టరు, దాన్ని ఆయన చేతిలో పెట్టి.

మూత బిగించి మళ్లీ తిప్పారు. తడి. తీసి తిప్పారు. పొడి. ఇంజనుకు ఊపిరాడటం లేదని అప్పటికి అర్థమైంది. పిస్టను కిందికి దిగినప్పుడల్లా లోపలి గాలి బయటికి పోవడానికి ఒక సన్న గొట్టం ఉంటుంది. అది మూసుకుపోతే, ఆ గాలి నూనెను దొరికిన ప్రతి అతుకులోంచీ నెడుతుంది. రంగు గీకి చూస్తే గొట్టం చివర ఇత్తడి స్క్రూ బిగించి ఉంది. అంచులు నున్నగా అరగదీసి, పైన రంగు వేసి, పుట్టుకతోనే అలా ఉన్నట్టు.

ఆయన దాన్ని వేలితో తడిమి చూశారు. అలా అరగదీసే చెయ్యి షెడ్డులో ఒక్కటే. ఇరవై రెండేళ్ల కిందట, వరండాలో నిలబెట్టిన బండి రోజుకో చుక్క కారుస్తోందని అప్పటి అధికారి విసుక్కుంటే, బిగించింది ఆయనే. షెడ్డు పనుల పుస్తకంలో రాయలేదు. మరిచిపోయారు. చంకలో పిల్లిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"ఇది నా పనేనోయ్," అన్నారు.

ఫిట్టరు వంగి చూశాడు. "తెలుస్తూనే ఉంది. ఇంత నున్నగా నాకు రాదు," అన్నాడు. మెచ్చుకున్నాడో దెప్పాడో ఎవరికీ అంతు చిక్కలేదు. తరువాత, "పాత బండి, కారింది అని రాసేయండి. నా మీద లేకపోతే చాలు," అన్నాడు.

"కారణం లేని నివేదిక నువ్విస్తే నేను తీసుకునేవాణ్నా?"

ఆ మధ్యాహ్నమే రాసిచ్చారు. మూడు వాక్యాలు. ఫిట్టరు బిగింపులో ఏ లోపమూ లేదు. గాలి గొట్టం మూసిందీ, మూసినట్టు నమోదు చేయనిదీ నేనే. పరీక్షించకముందే అతన్ని తప్పుపట్టడం నా రెండో తప్పు.

నోటీసు రద్దయింది. మేస్త్రిగారి సర్వీసు పుస్తకంలో తొలి హెచ్చరిక చివరి నెలలో ఎక్కింది. మన శాఖ పత్రిక ఈ సంచికలో "మచ్చలేని సేవ" అని అచ్చు వేయబోతే ఆయనే కొట్టేయించారు. "ఫిట్టరు కూడా చదువుతాడు కదా," అన్నారు.

వచ్చే నెల ఆ కుర్చీలో కూర్చునేది ఫిట్టరే. క్షమించాడా అని అతన్ని ఎవరూ అడగలేదు. క్షమించి తీరాలన్న నియమం ఏదీ లేదు. తన మీదికే వస్తుందని తెలిసీ నిజం రాసిచ్చినందుకు మేస్త్రిగారిని ఈ షెడ్డు గౌరవిస్తోంది.

ఆయన సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో, సతీమణితో కలిసి చిరకాలం ఉండాలని తోటి ఉద్యోగులందరి కోరిక. కలిసి అన్న మాట ఇక్కడ ఊరికే రాసింది కాదు.