పది కరెంట్లు

క్యాన్సర్ ఆసుపత్రి, రేడియేషన్ విభాగంలో డాక్టరు గది. బల్లకి అటు డాక్టరమ్మ, ఇటు రోగి భార్య. రోగి బయట వరండాలో, చక్రాల మంచం మీద; పక్కన వార్డు బాయ్.

"ఏ ప్రశ్నకమ్మా అబద్ధం చెప్పింది?"

"అన్నిటికీ."

"అన్నిటికీనా?"

"పేరూ వయసూ తప్ప అన్నిటికీ డాక్టరమ్మా. నడుస్తారా అన్నారు, నడుస్తారన్నాను. సొంతంగా స్నానం చేస్తారా అన్నారు, పాటలు పాడుకుంటూ చేస్తారన్నాను. నెల నుంచీ నేనే తడిగుడ్డతో తుడుస్తున్నాను."

"నా ముందే నాలుగడుగులు వేశారు కదా?"

"వెనకనుంచి బెల్టు పట్టుకుని నేను నిలబెట్టాను. మీరు కాగితాలు చూసుకుంటున్నారు. ముందు రోజంతా ఇంట్లో గోడ పట్టించి అలవాటు చేయించాను. పొద్దున్నే గడ్డం గీసి, బుగ్గలకి కాస్త పౌడరు కూడా..."

"పౌడరా?"

"నవ్వకండి."

"నవ్వడం లేదు. ఈ మూడు నెలల్లో ఎక్కడైనా ఆసుపత్రిలో చేరారా అని కూడా అడిగాను."

"రెండుసార్లు చేరారు. ఆ కాగితాలు పరుపు కింద ఉన్నాయి."

"ఎందుకమ్మా ఇదంతా? ఈ ప్రశ్నలు ఎందుకు అడుగుతామో మీకు..."

"తెలుసు. తెలిసే చెప్పాను. బడికి వెళ్ళలేదు గానీ కనపడిన కాగితమల్లా చదువుతాను నేను. వరండా గోడకి అంటించినవన్నీ చదివాను. గోడ మీద లేనివి బెంచీ మీద కూర్చున్నవాళ్ళు చెప్పారు. మా జవాబులకి మీరు మార్కులు వేస్తారట. ఆ మార్కుల్ని బట్టి మనిషి ఎన్నాళ్ళుంటాడో లెక్క కడతారట. ఉండేవాడికి రోజుకొకటి చొప్పున పది కరెంట్లు పెడతారట, పోయేవాడికి ఒక్కటే. ఔనా, కాదా?"

"అంత మోటుగా కాదమ్మా..."

"ఔనా, కాదా?"

"ఔను. కానీ ఎముక నొప్పికి ఒకటి పెట్టినా పది పెట్టినా తగ్గడం ఇంచుమించు ఒకటే. కొద్దిరోజులే ఉన్నవాళ్ళని రోజూ తిప్పడం ఎందుకని..."

"ఆ ముక్క గోడ మీద ఎవరూ రాయలేదే! ఒకటంటే మీరు వదిలేసినట్టే అనుకున్నాను. నా పక్కన కూర్చునే దర్జీ ఆవిడ, వాళ్ళాయనకి ఒక్కటే రాశారని నా భుజం మీద పడి ఏడ్చింది. మాకు పది అని గొప్పగా చెప్పుకున్నాను నేను, ఆవిడ ఏడుస్తుంటే."

"డాక్టర్ గారూ, వరండాలో ఉన్న పెద్దాయన వంతు వచ్చింది. మిషను గదిలోకి తీసుకెళ్ళిపోనా?"

"ఐదు నిమిషాలు ఆగవయ్యా. పిలుస్తాను."

"తీసుకెళ్ళొద్దని చెప్పడానికే వచ్చాను డాక్టరమ్మా. ఇవాళ ఆరోది. ఇవాళ్టితో కలిపి ఐదున్నాయి, కొట్టెయ్యండి. మేముండే మూడో అంతస్తు నుంచి కుర్చీలో దింపిస్తుంటే మెట్టు మెట్టుకీ కళ్ళు తేలేస్తున్నారు. వ్యానులో నా చెయ్యి నలిపేస్తున్నారు, ఇదిగో, ఎలా కమిలిపోయిందో చూడండి. ఉన్న నాలుగు రోజులూ రోడ్డు మీదే అయిపోయేట్టున్నాయి."

"నొప్పికి సిరప్ ఇచ్చాను కదా, తాగడం లేదా?"

"సగమే తాగుతున్నారు. మత్తుగా కళ్ళు మూస్తే నేను తట్టి లేపుతున్నాను, ఉన్నారో లేదో అని."

"అలా లేపకూడదమ్మా."

"తెలుసు. చెయ్యి ఊరుకోదు. నిజం చెప్పుంటే మీ లెక్కకి ఎన్నాళ్ళు వచ్చేది?"

"ఇప్పుడవన్నీ ఎందుకు..."

"చెప్పండి."

"వారాలు. మూడో, నాలుగో."

"అందులో ఒకటి అయిపోయింది. మరి నాతో ఏడాది అన్నారే?"

"మీరిచ్చిన జవాబులకి ఏడాదే వస్తుంది."

"నమ్మాను డాక్టరమ్మా. నా అబద్ధమే తిరిగి మీ నోట్లోంచి వచ్చేసరికి నిజమనుకున్నాను. అమ్మాయి సెలవు పెట్టి వస్తానంటే, ఏడాది ఉంది కదే, ఇప్పుడే ఎందుకు అన్నాను. మా అమ్మ పోయినప్పుడు ఒక్క పూట ఆలస్యంగా వెళ్ళినదాన్ని. అది ఎలా ఉంటుందో తెలిసి కూడా..."

"వెంటనే ఫోన్ చెయ్యండి."

"పొద్దున్నే చేశాను. బయల్దేరింది. అది వచ్చేసరికి ఆయన ఇంట్లో, ఆయన మంచం మీద ఉండాలి. కొట్టెయ్యండి."

"ఆయన్ని ఒక మాట అడగాలి."

"ఆయన్ని అడిగేదేముంది? నేను ఆడించినట్టు ఆడుతున్నారు పాపం. ఆయనకేం తెలుసు?"

"అంతా తెలుసు. మొదటిరోజు కరెంటు పెట్టేచోట ఒంటి మీద గుర్తులు గియ్యడానికి ఒక్కర్నే లోపలికి తీసుకెళ్ళాం కదా, అప్పుడే చెప్పారు. మా ఆవిడ చెప్పినవన్నీ కట్టుకథలు, నేను మంచం దిగి నెలయిందని. పౌడరు సంగతి ఒక్కటే దాచారు."

"అంటే మీరు ఇందాకటి నుంచీ తెలియనట్టు... తెలిసీ పది ఎందుకు రాశారు మరి?"

"రాసింది ఒకటే. 'మా ఆవిడకి మాత్రం పది అని చెప్పండి, ఏడాది అని చెప్పండి' అని ఆయనే పట్టుబట్టారు. మొదటిరోజే మొత్తం ఇచ్చేశాం. ఆ తర్వాత మిషను వెయ్యలేదు."

"వెయ్యలేదా? రోజూ లోపలికి తీసుకెళ్తున్నారుగా?"

"పది నిమిషాలు పడుకోబెట్టి పంపిస్తున్నాం. చెయ్యకూడని పనే చేశాను. తిట్టండి."

"నాకోసమని! నేను ధైర్యంగా ఉండాలని ఆ మెట్లన్నీ దిగుతున్నారా? పిచ్చి మనిషి. ఉండండి, ఇప్పుడే వెళ్ళి చెప్తాను, నాకోసం ఇంక రానక్కర్లేదని..."

"కూర్చోండమ్మా. నేనూ మీకోసమే అనుకున్నాను. మూడో రోజు నేనే చెప్పాను, ఇంక చాలండీ, ఆవిడకి నేను సర్దిచెప్తానని. ఒప్పుకోలేదు."

"ఎందుకు?"

"ఆ గదికి సీసం తలుపమ్మా, జానెడు మందం. వేశాక లోపలి అరుపు బయటికి రాదు. 'ఇంట్లో అది పక్కనే కూర్చుని నా మొహమే చూస్తుంటుంది తల్లీ, రోజుకో పది నిమిషాలు నన్నిక్కడ గట్టిగా ఏడవనివ్వండి' అన్నారు."