ఎవరైనా సూసేరా

హలో… ఆ, నేనే… ఎవరూ?… ఓ, ధనరాజ్ మాస్టారా! వందనాలండి. నంబరు కొత్తగుంటే సర్సి సంఘం సెక్రటరీగారని ఎలగ పోల్చుకుంటాను?… ఆ, మీ అబ్బాయి ఫోనా. సెప్పండి, సెప్పండి.

… ఆయన నేరండి. జూట్ మిల్లుకెల్లేరు, షిఫ్టు. నేనొక్కదాన్నే ఉన్నాను.

— దగ్గా?… నాకేటీ ఇనపడనేదే. ఈదిలో ఎవలో అయ్యుంటారు.

… ఆ, ఈ ఆదివారం కోత పండగ. గేపకం ఉంది. ఒక గుమ్మడికాయ, రెండు గెలలు తెద్దామనుకుంటన్నాను. పోయినేడు నా గుమ్మడికాయని వేలంలో పాస్టరమ్మగారే పాడుకున్నారు, ఇప్పటికీ రుసి సెప్తారు —

… శాలువానా?… ఎవలికీ?… నాకా!

… వద్దండి. నిజంగా వద్దు. పెద్దోల్లు ఇంతమంది ఉండగా నాకేటి శాలువా. కూర్మయ్యగారి కోడలు ఆస్పత్రిలో అంత సేవ సేస్తంది, ఆవిడికి కప్పండి… అదికాదు మాస్టారూ… మోకాలొకటి సతాయిస్తంది, ఆ మెట్లెక్కి వేదికమీదకి నేను రానేను…

… సేసీసేరేటి?… ఫ్లెక్సీ కూడా ప్రెస్సోడికి ఇచ్చీసేరా?… ఎంత పెద్దది?… సర్సి గేటుకే కడతారా!… నా ఫొటో మీకెక్కడిది?… పక్కింటి నీలవేణి కూతురు పెల్లిలోదా. మాస్టారూ, అందులో నా నోట్లో లడ్డూ ఉంది. బుగ్గ ఇంత పొంగి ఉంటాది… ఉంటేనేటి అంటే ఏటి సెప్తాను.

… సదవండి మరి, ఏటి రాసేరో.

— "జలాంతర్గామి వీరుని కన్న తల్లి, సహోదరి దేవమణి" అనా.

… ఊఁ… బాగుంది. తెలుగు మాస్టారు రాస్తే బాగోకేటి.

… ఉన్నాను, లైన్లోనే ఉన్నాను.

… మావోడి దగ్గర్నుంచి ఫోనా? నేదండి. నీటికిందుంటే ఫోనెలగొస్తాది. నెలలు నెలలు మాటుండదు, మీకు తెలుసు గదా… ఆ. అన్నాను. బైబిల్లో యోనా సేప కడుపులో మూడు దినాలే ఉన్నాడు, మా కృపానిధి ఎన్నాల్లైనా ఉంటాడు అని నేనే అన్నాను. మీరందరూ నవ్వేరు. పొగరుతోనే అన్నాను, మాస్టారూ. తల్లిని గదా.

… సాక్ష్యం కూడా సెప్పాలా? ఏటి సెప్పను?… తల్లి గుండె ఎలగ నిబ్బరంగా ఉందో… ఆ…

— సండే స్కూలు పిల్లలు ఏటి సేసేరు?… అట్టతో సబ్‌మెరైనా?… రంగు కూడా ఏసేరా, పాపం… పాట పాడుతూ మోసుకొస్తారా… కిటికీలోంచి కృప బొమ్మ సెయ్యి ఊపుతాదా…

… సబ్‌మెరైన్‌కి కిటికీలుండవు, మాస్టారూ.

… ఉండవు. ఒక్కటీ ఉండదంట. లోపలున్నోడికి పగలో రేత్రో గడియారం సూస్తేగానీ తెలీదంట… కృపే సెప్పేడు.

… నిన్న.

… ఆ. నిన్ననే… నేదు, ఫోన్లో కాదు.

…

మాస్టారూ, మీ పక్కన ఎవరైనా ఉన్నారా?… అబ్బాయిని కాస్త అవతలికెల్లమనండి… 

కృప ఇంట్లోనే ఉన్నాడు. ఇందాక దగ్గింది ఆడే.

… సెలవే. సెలవేగానీ… దించీసేరు. మరి సబ్‌మెరైన్ ఎక్కొద్దన్నారు డాక్టర్లు… తప్పేటి సేసేడని అడక్కండి! తాగుడు నేదు, కొట్లాట నేదు. మీరు సదువు సెప్పిన పిల్లోడు, మీకు తెలీదేటి.

… మొదటిసారి బాగానే ఎల్లొచ్చేడు. ఈసారి… తొంగుంటే ఊపిరాడనేదంట. అక్కడ మంచాలు కూడా వంతులేనంట, ఒకడు లేస్తే ఆ వెచ్చటి పక్కలోనే ఇంకోడు ఒరగాల. నిద్దర పూర్తిగా పోయింది. డ్యూటీలో ఏ వాల్వు తిప్పేడో, ఏది తిప్పనేదో మరిసిపోతన్నాడంట. అది మామూలు పనా, మాస్టారూ? ఒక్కడు మరిసిపోతే అందరూ నీల్లపాలే.

… ఎవలూ పట్టుకోనేదు. ఆడే ఎల్లి సెప్పేడు పెద్దాఫీసరుతో. నా వల్ల అందరికీ ముప్పొస్తాది సార్, నన్ను దించీండి అని.

… ఆ. ఆడంతట ఆడే. ఆ ఆఫీసరు లేసి సెయ్యి కలిపేడంట. ఇది సెప్పడానికి గుండె ఉండాల అన్నాడంట. సెలవయ్యేక ఒడ్డుమీదే పనిస్తారంట, వైజాగులోనే. అక్కడ ఒక్కడు కూడా ఆడిని ఏటీ అన్నేదు.

అన్నది నేనే.

… మూడు వారాలవుతాది… మిట్టమధ్యాన్నం, సంచి బుజానేసుకుని బస్టాండు నుంచి నడిసొచ్చేడు. సగమైపోనాడు మాస్టారూ మనిషి. గుమ్మంలో నిలబడి అమ్మా అన్నాడు. నేను తిన్నావా అనడగనేదు. ఇలగైపోనావేట్రా అనడగనేదు. "ఎవరైనా సూసేరా?" అనడిగేను.

… ఉండండి. ఒక్క నిమిషం…

… నేదు, బాగానే ఉన్నాను. సెప్పనివ్వండి, ఇప్పుడాగితే మరి సెప్పనేను.

ఆ ఆదివారం ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేసేను గదా. నిజం సెప్పీద్దావనే లేసేను. అందరూ ఇటే సూస్తన్నారు. మీరు కల్లద్దాలు తీసి మరీ సూస్తన్నారు. నోట్లోంచి ఏటొచ్చిందో తెలుసా — నా బిడ్డ సముద్రం అడుగున ఉన్నాడు, కాపాడమని ప్రార్థించండి అని. మీరంతా ఆమెన్ అన్నారు. ఇంటికొచ్చి ఆ బిడ్డకే కూడెట్టేను. మరసటి ఆదివారం కూడా అంతే. మొన్నా అంతే.

… ఎక్కడుంటాడు, నడిమింట్లోనే. పక్కనే నీలవేణి గోడ. మాట ఇనపడతాదని మాటాడ్డు. ఫేను ఎవలికోసం తిరుగుతంది అంటారని ఫేను ఎయ్యడు. దగ్గొస్తే తలగడలో మొకం ఎట్టుకుంటాడు. నేను సంతలో ఆడికిట్టమైన సేప కూడా కొన్నేదు. ఇద్దరికి ఇన్ని సేపలేటి అని అడుగుతారని.

… ఆయన సెప్పేరు. ఈరోజు కాదు, మొదటి దినమే సెప్పేరు. పిల్లోణ్ని బయట తిరగనీయే అన్నారు. పరువు పోద్ది అన్నాను. ఎవరి పరువే అన్నారు. ఆయనతో మూడ్రోజులు మాటాడ్డం మానీసేను.

మాస్టారూ, గాలాడక సచ్చిపోతన్నానని సముద్రంలోంచి ఒచ్చినోడిని తెచ్చి, కిటికీలు మూసిన గదిలో ఎట్టేను. ఆడు ఒక్క మాటన్నేదు. నిన్న మధ్యాన్నం గోడకేసి సూస్తా అన్నాడు, అక్కడా కిటికీలుండవమ్మా అని. అంతే. తిట్టినా బాగుణ్ను.

ముందు ఆడిని సూసి సిగ్గుపడ్డాను. ఇప్పుడు నన్ను సూస్తే నాకే సిగ్గేస్తంది.

… 

… సెప్పండి, ఇంటన్నాను.

… ఆదివారం గడిసేదాకా సెప్పొద్దంటారా?

… శ్రీకాకుళం నుంచి పెద్ద పాస్టరుగారొస్తన్నారు, నిజమే… ఫ్లెక్సీ అయిపోనాది, నిజమే… పిల్లలు పాట నేర్సుకున్నారు… ఆ…

… అంటే శాలువా కప్పించుకుని, సాక్ష్యం సెప్పి, ఇంటికొచ్చి మల్లీ ఈ తలుపు గడెట్టుకోమంటారు.

… మిమ్మల్ని తప్పట్టడం నేదు. నా పరువు కోసవే సెప్తన్నారు. నేను మూడు వారాలనుంచి సేస్తన్న పనే మీరు సెప్పేరు. అదే మాట ఇంకోల్ల నోట ఇంటే ఇలగుంటాదని నాకు తెలీదు.

నేదు, మాస్టారూ. నేను సెయ్యను.

… నవ్వుతారు. నవ్వనివ్వండి, ముందు నన్ను సూసి నవ్వాల. ఆదివారం వస్తాను. శాలువాకి కాదు. ప్రార్థన మనవులప్పుడు లేస్తాను, మీరడ్డు సెప్పకండి. మూడు వారాలు అబద్ధం మీద ఆమెన్ అనిపించేనని సెప్తాను. ఆడిట్టవైతే ఆడు నా పక్కన కూకుంటాడు, ఇట్టం నేకపోతే మానేస్తాడు. ఆడిని లాక్కురాను. ఆడి గురించి నేను ఇంకో సాక్ష్యం సెప్పను.

… పారీకండి, ఫ్లెక్సీ ఇటు పంపండి. ఒడ్లు ఎండబెట్టుకోడానికి పనికొస్తాది. లడ్డూ బుగ్గ కిందకి తిప్పి పరుస్తాను.

… హమ్మయ్య, నవ్వేరు.

… ఇప్పుడా? ఇప్పుడు ప్రార్థన వద్దు మాస్టారూ. మీరు కోపం తెచ్చుకోకపోతే ఒక్క మాట. సాయంత్రం ఊరికే ఇటు రండి. టీ తాగి ఎల్లండి. ఏటీ అడక్కండి. క్రికెట్టు గొడవో, రాజాం రోడ్ల గొడవో మాటాడండి. ఆడి పేరెట్టి పిలిసిన మనిషి బయటనుంచి ఇంతవరకు ఒక్కడు రానేదు. నేను రానిచ్చేనేటి.

— ఉండండి… తలుపు తీసేడు…

ఒరే… ఎంతసేపట్నుంచి నిలబడ్డావు?… అంతా ఇన్నావా…

… ధనరాజ్ మాస్టారు… ఆ, సెప్పీసేన్రా. అంతా సెప్పీసేను… కోపమొచ్చిందేటి?… ఏటి?… మాటాడతావా?

మాస్టారూ, ఆడు మాటాడతానంటన్నాడు. మీతోనే. ఇస్తన్నాను… ఒరే, జాగర్త, జారిపోద్ది…

… కొంచెం ఆగండి మాస్టారూ, పెట్టీకండి. నిద్దర నేక ఆడికి సేతులు వణుకుతన్నాయి, ఫోను సెవిదగ్గర నిలవడం నేదు…

పరవానేదు, ఒగ్గీరా. ఫోను నేను పట్టుకుంటాను. నువ్వు మాటాడు.