ఒక్కొక్క సాలు

కంబదూరు బడిలో పిల్లలు వెళ్లిపోయాక, కృప తల్లి పచ్చి శనక్కాయల సంచి తెచ్చి టీచరమ్మ బల్ల మీద పెట్టింది.

"ఇవన్నీ ఎందుకమ్మా?"

"నిన్న చర్చిలో అందరి ముందర మా కృప వాక్యం చదివినాది మేడమ్. యాడా తడుముకోల్యా."

"కష్టపడింది ఆ పిల్ల. నేను పాత పెండ్లి పత్రిక అట్టలో సందు కోసిచ్చినా, అంతే."

"అంతే అంటారేం మేడమ్? కండ్లాసుపత్రిలో కండ్లు బాగుండాయనిరి. ఇంగ పిల్లే మొద్దని అందరూ అనిరి."

"కండ్లు బాగానే ఉండాయి. పేజీ అంతా ఒకటేసారి కనపడితే ఆ పిల్లకు అక్షరాలు కలిసిపోతాయి. సందులో ఒక్క వరసే కనపడితే చదువుతాది."

"సేన్లో కలుపు తీసినట్లే, ఒక సాలు అయినాక ఇంగో సాలు అంటాది మేడమ్."

టీచరమ్మ నవ్వింది. పనైపోయినా కృప తల్లి కదల్లేదు. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఇంగొక అట్ట కోసియ్యండి మేడమ్."

"కృప పోగొట్టిందా?"

"లేదు. రాత్రి దాని అట్ట నేను పెట్టి చూసినా. చిన్నప్పుడు నాకూ అక్షరాలు చీమల మాదిరి పారుతాండె. మొద్దని బడి మానిపించినారు. రాత్రి అవి నిలబడినాయి మేడమ్."

టీచరమ్మ తన పక్క కుర్చీ లాగి, కత్తెర తీసింది.

"కూర్చోమ్మా."