‘మళ్ళీ ఒకసారి’ అన్న నటుడు: తక్ బ్యోంగ్‌హో గారి ముప్పై ఆరేళ్ళ రంగస్థల జీవితం

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం మార్చి ఏడవ తేదీ, సోమవారం ఉదయం, ఓడల మరమ్మతు కర్మాగారపు నీలిరంగు దుస్తులలోనే, చేతి నూనె మరకలైనా పూర్తిగా వదలకముందే, హేసోంగ్ నగర నాటక బృందంలో సభ్యులుగా చేరిన శ్రీ తక్ బ్యోంగ్‌హో గారు ఈ జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు. అదే రోజున, అదే బల్ల మీద, ఆయన సంతకం చేసిన కలంతోనే సంతకం చేసి శ్రీమతి చు మ్యోంగ్‌జా గారు కూడా బృందంలో చేరారు. ఆనాటి నుండి ఈ ఇరువురూ రంగస్థలం మీద పదకొండు నాటకాలలో భార్యాభర్తలుగానూ, నాలుగింటిలో తల్లీకొడుకులుగానూ, రంగస్థలం వెలుపల తీరిక దొరికినప్పుడల్లా కీచులాడుకునే సహనటులుగానూ మెలగిన సంగతి ఈ సంచిక చదివే వారందరికీ విదితమే.

తక్ గారి తొలి పాత్ర కోటద్వారపు భటుడు. సంభాషణ లేదు. బల్లెం పట్టుకుని రెండు గంటలు నిలబడటమే అభినయం. బజారులో ఎండు చేపలు అమ్ముకునే వారి మాతృమూర్తి, దుకాణం మూసి మరీ నాటకం చూసి, బయటికి వచ్చాక కుమారుని చేయి పట్టుకుని, “అంతమంది పెద్దమనుషులున్నారు కదరా, కాసేపు కూర్చో బాబూ అని ఒక్కళ్ళూ అనలేదే?” అని వాపోయారట. ఆ తల్లి మాటలో తనకు తొలి ప్రశంస దొరికిందని తక్ గారు నేటికీ అంటారు. నిలబడినవాడు నిజంగానే అలసిపోయినట్టు కనిపించాడన్నది ఆయన వాదం. ఏ విషయాన్నయినా తనకు అనుకూలంగా అన్వయించుకోవడంలో వారికి సాటి లేరు.

అటు తరువాత వారు భటుని నుండి సేనాపతి వరకు, కూలి నుండి న్యాయాధిపతి వరకు అన్ని మెట్లూ ఎక్కారు. ఎంత పెద్ద పాత్ర వేసినా, ప్రదర్శనకు ముందు తడిగుడ్డతో వేదికను తుడిచే పనిని మాత్రం చిన్నవారికి వదలలేదు. “నేను పడబోయే నేల నేనే చూసుకోవాలి కదా” అని మోకాళ్ళ మీద వంగి తుడిచే ఆ పెద్దమనిషిని చూసి, కొత్తగా చేరిన వారు సిగ్గుపడి గుడ్డ అందుకున్న సందర్భాలు కోకొల్లలు.

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం బుల్లితెర వారిని పిలిచింది. బృందం అనుమతితో వెళ్ళి మందుల దుకాణదారుగా, ఇంటి యజమానిగా, ముఖ్యంగా తొలి భాగంలోనే హత్యకు గురయ్యే కంపెనీ చైర్మన్‌గా కనిపించారు. మొదటి రోజు చిత్రీకరణలో వారి కంఠం ధాటికి శబ్దగ్రాహకుడు చెవులమీది పరికరం తీసి పక్కన పెట్టేశాడు.

“సార్, మైకు మీ చొక్కాలోనే ఉంది. కొంచెం నెమ్మదిగా.”

“మరి చివరి వరుసవాళ్ళకి ఎలా వినపడుతుందయ్యా?”

“చివరి వరుసవాళ్ళు ఇంట్లో చాప మీద పడుకుని చూస్తారు సార్. వినపడకపోతే వాళ్ళే పెంచుకుంటారు.”

ఆ ధారావాహిక ప్రసారమైన మరునాడు బజారుకు వెళితే, చేపలు కోసే ఆమె ఒకతె కత్తి కింద పెట్టి, “ఏంటి చైర్మన్ గారూ, నిన్ననే కదా పోయారు? ఈ చేప ఎవరికి, మీ దినానికా?” అన్నదట. తక్ గారు పొంగిపోయారు. నాటకరంగంలో పదిహేనేళ్ళు సేనాపతిగా బతికినా గుర్తుపట్టని బజారు, ఒక్కసారి చస్తే గుర్తుపట్టిందని బృందమంతటికీ చెప్పుకుని తిరిగారు.

ఇక్కడ మన బృందపు నియమమొకటి పేర్కొనక తప్పదు. రెండేళ్ళకొకసారి ప్రతి సభ్యుని అభినయాన్నీ పరీక్షక సంఘం తూచి శ్రేణి నిర్ణయిస్తుంది. వరుసగా రెండుసార్లు కడపటి శ్రేణి వస్తే సభ్యత్వం రద్దవుతుంది. రెండువేల పద్నాలుగులో, మోకాలి శస్త్రచికిత్స అనంతరం కుంటుతూనే నటించిన మ్యోంగ్‌జా గారికి కడపటి శ్రేణి వచ్చింది. పదహారులోనూ అదే పునరావృతమైతే ఇరవై ఎనిమిదేళ్ళ కొలువు ముగిసినట్లే. ఆమె పైకి నవ్వుతూనే ఉన్నారు గానీ, తన పేటికలోని వేషసామగ్రిని కొంచెం కొంచెంగా ఇంటికి చేరవేయడం మొదలుపెట్టారు.

ఆ పదహారవ సంవత్సరం శరత్కాలంలో ప్రదర్శించినది ముసలి పడవవాని కథ. తక్ గారు పడవవాడు, మ్యోంగ్‌జా గారు అతని భార్య. తక్ గారు అప్పుడే ఎనిమిది నెలల సుదీర్ఘ ధారావాహిక చిత్రీకరణ ముగించుకుని వచ్చారు. శనివారం మూడు గంటల ప్రదర్శన, నిండు సభ, ముందు వరుసలో పరీక్షకులు. రెండవ అంకం నడిమిలో, పడవ అమ్మేస్తున్నానని భార్యకు చెప్పవలసిన చోట, వారు వాక్యం మరచిపోయారు. మరపు ఏ నటునికైనా సహజం. కానీ తక్ గారు చేయి పైకెత్తి, సభాముఖంగా, చిత్రీకరణ స్థలంలో రోజుకు ఇరవైసార్లు అలవాటైన మాటను అలవోకగా అనేశారు.

“క్షమించాలి. మళ్ళీ ఒకసారి చెబుతాను.”

అన్న మరుక్షణమే తానెక్కడ ఉన్నదీ వారికి తెలిసివచ్చింది. ఎదురుగా వెల్లుల్లి ఒలుస్తున్న మ్యోంగ్‌జా గారు తల కూడా ఎత్తలేదు.

“చెప్పు. నలభై ఏళ్ళ నుంచీ చెప్పిందే చెబుతున్నావు. ఇంకోసారి చెబితే నా చెవులేం అరిగిపోవు. పడవ సంగతేగా?”

సభ ఘొల్లుమన్నది. పడవ అన్న మాట చెవిన పడగానే పోయిన వాక్యం తిరిగి వచ్చింది. నాటకం గట్టెక్కింది.

మరునాటి పత్రికలో విమర్శకుడొకరు, ఒక్క క్షణం పాత్రను విడిచి ప్రేక్షకులను కలవరపరిచి తిరిగి పాత్రలో ప్రవేశించిన తక్ గారి సాహసం అపూర్వమనీ, ముసలమ్మ పాత్రధారిణి మాత్రం పాత పద్ధతిని వీడలేక ఆయన కంటే వెనుకబడిపోయారనీ రాశారు. దర్శకులు ఆ తప్పును ప్రతి ప్రదర్శనలోనూ చేయమని కోరారు. మ్యోంగ్‌జా గారు పత్రికను మడిచి, “పోనీలే, ఒక్కడివైనా బాగుపడు” అని మాత్రం అన్నారు. ఆ మాట తక్ గారిని రెండు రోజులు నిలవనీయలేదు.

మూడవనాడు వారు పరీక్షక సంఘాధ్యక్షుని వద్దకు వెళ్ళి, స్వహస్తాలతో రాసిన కాగితం బల్ల మీద పెట్టారు. “నేను చేసింది సాహసం కాదు, తప్పు. వాక్యం మరచిపోయాను. నన్నూ నాటకాన్నీ కాపాడినది చు మ్యోంగ్‌జా. ఆమె పలికిన మాటలు రచనలో లేవు. నాటకపు రాతప్రతి తెరిచి చూడగలరు.” కాగితంలో ఉన్నది ఇంతే.

“ఇది దాఖలు చేస్తే మీ శ్రేణి పడిపోతుంది, తెలుసా?” అన్నారు అధ్యక్షులు.

“తెలుసండి.”

“చిత్రీకరణల వల్లే ఇలా జరిగిందని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. బయటి అనుమతులు రెండేళ్ళు ఆపేస్తాం.”

వచ్చే వసంతంలో మొదలుకావలసిన చలనచిత్రంలో, జీవితంలో తొలిసారిగా, కథానాయక పాత్ర తక్ గారిని వరించి ఉంది.

“సరేనండి,” అన్నారు చివరికి. “ఒక్క మనవి. ఆవిడకి మాత్రం చెప్పొద్దు.”

మ్యోంగ్‌జా గారికి ఆ ఏడు ప్రథమ శ్రేణి వచ్చింది. తక్ గారికి కడపటిది. ఆ సాయంత్రం వారు సముద్రపు నాచు పులుసు గిన్నె ముందు కూర్చుని ఒక్క చెంచా కూడా ముట్టలేదు. బాధపడ్డారు, చాలా బాధపడ్డారు. సహధర్మచారిణి శ్రీమతి ప్యో ఇన్‌సుక్ గారు పులుసు మళ్ళీ వేడిచేసి తెచ్చి, “పోనివ్వండి. ఆ సినిమాలోనూ ఆఖరికి మిమ్మల్ని చంపేస్తారనేగా చెప్పారు,” అన్నారు. ఆ చిత్రం మరొకరితో విడుదలైనప్పుడు, దంపతులిద్దరూ ఫ్లాస్కులో బార్లీ నీళ్ళు పోసుకుని వెళ్ళి చూసివచ్చారు. ఆ నటుడు చాలా బాగా చేశాడని తక్ గారు మనస్ఫూర్తిగా చెప్పారు. రెండేళ్ళ తరువాత అనుమతులు వచ్చినా, అటువంటి పాత్ర మాత్రం మరల రాలేదు.

ఆ పిమ్మట ఎనిమిదేళ్ళు ఇరువురూ కలిసి నటించారు. మరపు కారణంగానే తక్ గారికి శిక్ష పడిందని నమ్మిన మ్యోంగ్‌జా గారు, ప్రతి అభ్యాసంలోనూ “ఏం, మళ్ళీ ఒకసారా?” అని ఎకసెక్కమాడుతూనే ఉన్నారు. తక్ గారు నవ్వి ఊరుకునేవారు.

ఈ సంచిక కోసం పాత దస్త్రాలు వెదుకుతుండగా ఆ కాగితం బయటపడింది. కార్యాలయంలో పక్కనే కూర్చుని ఉన్న మ్యోంగ్‌జా గారు అక్షరాలు గుర్తుపట్టి అందుకున్నారు. రెండుసార్లు చదివారు. ఆ మధ్యాహ్నం తక్ గారి ఆఖరి ప్రదర్శన ముగిసి, వారు అద్దం ముందు రంగు తుడుచుకుంటుండగా వెళ్ళి ఆ కాగితం ఎదుట పెట్టారు.

“ఎనిమిదేళ్ళు. ఎందుకు చెప్పలేదు?”

“చెబితే ఏమయ్యేది?”

“ఏమయ్యేదేంటి? సినిమా వదులుకున్నావు కదయ్యా నాకోసం. నేనేమో నిన్ను రోజూ ఆడిపోసుకున్నాను.”

“అందుకే చెప్పలేదు మ్యోంగ్‌జా. తెలిస్తే నీ గొంతు మెత్తబడిపోయేది. వేదిక మీద నన్ను తిట్టాల్సిన చోట తిట్టలేకపోయేదానివి. నాకు కృతజ్ఞతలు చెప్పే పెళ్ళాం వద్దు, ఎదురుగా నిలబడి నటించే మనిషి కావాలి.”

ఆమె కన్నీళ్ళు తుడుచుకోవడానికి ఆయన రంగు తుడుచుకున్న గుడ్డే అందుకుని, ముఖమంతా నల్లగా పులుముకున్నారు. ఆ తరువాత ఆయనను తిట్టడం మొదలుపెట్టారు. మూర్ఖుడన్నారు, మొండివాడన్నారు, ఇంటావిడ నోరు కొట్టినవాడన్నారు. గుమ్మం దగ్గర గుమిగూడిన మేమంతా విన్నాం. ఆ కంఠంలో ఏ మాత్రం మెత్తదనం లేదు. తక్ గారు కళ్ళు మూసుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని, తృప్తిగా వింటూ కూర్చున్నారు.

మ్యోంగ్‌జా గారు తమ ఎనిమిదేళ్ళ బాకీ ఒక్క మధ్యాహ్నంతో తీరేది కాదనీ, ఇకమీదట ప్రతి ఆదివారం వారింటికి వచ్చి మిగిలిన తిట్లు తిడతాననీ ప్రకటించారు. ఆదివారాలు అన్నం ఎక్కువ వండుతామని ఇన్‌సుక్ గారు మాట ఇచ్చారు. కావున శ్రీ తక్ బ్యోంగ్‌హో గారికి దృఢమైన మోకాళ్ళు, మంచి ఆకలి, ఆ తిట్లన్నీ ఒక్కటి కూడా పోకుండా వినగల చెవులు, అవి పూర్తయ్యేంతటి దీర్ఘాయువు ప్రాప్తించాలని మన బృందమంతా ఏకకంఠంతో ఆకాంక్షిస్తున్నది. మ్యోంగ్‌జా గారిని ఎరిగినవారికి అది ఎంత నిండు ఆయుష్షో వేరుగా చెప్పనక్కరలేదు.